రెండో కుంచె

మా పక్కింటి నర్సమ్మ నల్లా నీళ్ళను కూడా నమ్మేది కాదు. బిందె నిండాక ఒకసారి వంచి చూసి, మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళలో నీళ్ళు కలిపారేమో అన్నట్టు ముఖం పెట్టేది. పాలవాడు ఎదురుపడి నమస్కారం చేస్తే, "ఇయ్యాల దండం బెడ్తుండంటె పాలల్ల ఏదో చేసిండు" అనేది. నేను సోలాపూర్‌లో దాజీ పేట్‌లోనే పుట్టి దాజీ పేట్‌లోనే మెట్టినదాన్ని, ఇలాంటి మనుషులు నాకు కొత్త కాదు. కానీ ఆమె అనుమానానికి ఒక కారణం ఉంది. అది చెప్పకుండా ఆమెను ఆడిపోసుకుంటే పాపం నాకే తగులుతుంది.

ఆ కారణం పేరు కుంచె.

మా సందులో పొద్దున్నే పడుగులు సాగుతాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలుపోగులు లాగి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుకుంటూ నడుస్తారు. గంజి ఆరేలోగా పోగూ పోగూ విడిపోవాలి, లేకపోతే మగ్గం మీద ఆ పడుగు మనల్ని ఏడిపిస్తుంది. గడ్డివేళ్ళతో బిగించి కట్టిన కుంచె ఒకసారి కొంటే ఒక మనిషి జీవితం నడుస్తుంది. అందుకే మా వాళ్ళలో ఇంటికి ఒకటే కుంచె. ఎందరు కొడుకులున్నా, ఎన్ని మగ్గాలున్నా అదే. రెండో కుంచె వచ్చిందంటే రెండో పొయ్యి పెడుతున్నారని సందులో అందరికీ అర్థమైపోతుంది.

నర్సమ్మ పెద్దకొడుకు మల్లేశం వేరు పడేముందు ఇంట్లోకి మొదట వచ్చింది కుంచెనే. గోడకు కొత్త కుంచె వేలాడుతుంటే చూసి, "పాతది మంచిగనే ఉంది గదరా, ఇదెందుకు?" అని అడిగిందట. "ఉండనియ్యవ్వా, అగ్గువకొచ్చింది" అన్నాడట వాడు, చవగ్గా దొరికిందన్నట్టు. వానలు పడకముందే భార్యనూ పిల్లలనూ ఒక మగ్గాన్నీ ఆ అగ్గువ కుంచెనూ తీసుకుని భవాని పేట్‌కు వెళ్ళిపోయాడు. తర్వాత ఆ మగ్గాన్నీ వదిలేసి పురుషోత్తం సేటు కరెంటు మగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. కొడుకు వేరుపడి వెళ్ళిపోయినందుకు నర్సమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. కానీ వాడు చెప్పిన ఆ మాటను తను నమ్మినందుకు ఇంకా ఎక్కువ మండింది. అప్పటికే ఆమె భర్త సిద్ధరాములు కాలం చేశాడు.

ఇక ఇంట్లో మిగిలింది చిన్నకొడుకు లక్ష్మణ్, అతని భార్య శాంత, ఒక గుంట మగ్గం, ఒక కుంచె. వీళ్ళూ పోతే నర్సమ్మ ఆ ఇంట్లో ఒక్కతే. ఎవరిని అనుమానించాలి, ఎవరితో పోట్లాడాలి?

శాంతది సిరిసిల్ల. మాట తక్కువ పిల్ల. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నెల తప్పిందని తెలియగానే నర్సమ్మ ఆగలేక సందంతా బెల్లం పంచింది. రెండుసార్లూ ఆ బెల్లం తిన్నవాళ్ళమే మళ్ళీ ఓదార్చడానికి వెళ్ళాం. ఆ తర్వాత శాంత ఇంకా తక్కువ మాట్లాడేది.

అవి భాషల లెక్కన రాష్ట్రాలు పంచుతున్న రోజులు. సోలాపూర్ మాదంటే మాదని మరాఠీవాళ్ళూ కన్నడంవాళ్ళూ వాదించుకుంటున్నారు. తెలుగువాళ్ళను ఎవరూ అడగలేదు కాబట్టి మేం బీడీలు చుట్టుకుంటూ విన్నాం. నల్లా దగ్గర కూడా ఎవరు ఏ భాషలో ఏమన్నారో అని అందరూ చెవులు రిక్కించి ఉండేవారు. అలాంటి రోజుల్లో నర్సమ్మ చెవిలో ఒక మాట పడింది.

మా సందు మలుపులో యమునాబాయి ఇల్లు. మరాఠీ ఆమె. ముందు గదిలో ఆమె బట్టలు కుట్టేది. వెనక గదిలో ఆమె భర్త నేతగాళ్ళ సామాను అమ్మేవాడు, వదులైన కుంచెలు మళ్ళీ బిగించి కట్టేవాడు. ఒకనాడు నర్సమ్మ కార్ఖానాలో బీడీలు అప్పగించి తిరిగి వస్తుంటే యమునాబాయి గడపలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నర్సాబాయీ, తుమ్‌చ్యా సునేచీ కుంచీ ఝాలీ. లపవూన్ న్యాయలా సాంగా. కోణాలా దిసూ నయే."

మీ కోడలిది తయారైంది, దాచి తీసుకుపొమ్మనండి, ఎవరికీ కనబడకూడదు అని. నర్సమ్మ మరాఠీ కూరగాయల మరాఠీ. ధరలు, తిట్లు, దారులు వచ్చు, మిగతాది ఊహించుకుంటుంది. ఆ రోజు మాత్రం ఊహించుకోవలసిన పని పెద్దగా లేదనిపించింది ఆమెకు. కుంచె, అయిపోయింది, దాచాలి. ఇంకేం కావాలి?

"అచ్ఛా" అని, నవ్వు ముఖం పెట్టి, అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను తునికాకు కత్తిరిస్తున్నాను. నా ఎదురుగా కూర్చుని తలుపు వైపు చూసింది.

"వసంతా, నీకొక ముచ్చట చెప్త. ఎవలకు చెప్పకు."

"ఏంది నర్సవ్వా?"

"నా కోడలు కుంచె చేయించుకున్నది."

"ఏం కుంచె?"

"లోకంల ఎన్ని కుంచెలున్నయే? పడుగు కుంచె! ఆ యమునాబాయి మొగనితోని కట్టించుకున్నది. దాచి తీస్కపోవాల్నట. ఎవలకు కనబడొద్దట. ఇంట్ల కుంచె ఉండంగ దొంగ కుంచె ఎందుకే?"

నేనేదో సర్దిచెప్పబోయాను. "ఉన్నది వదులైందేమో" అన్నాను.

"అగ్గువకొచ్చిందేమో అను, అది గూడ అను" అన్నది. నాకూ నిజమే అనిపించింది. శాంత లాంటి పిల్ల ఇంత లోతుగా ఉందా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

అనుమానం ఒకసారి కూర్చుంటే చూసిందల్లా దానికి మేతే. మరునాడు పొద్దున పడుగు దువ్వే వేళకు శాంత రాలేదు, నడుము పట్టేసిందన్నది. వంగి కుంచె పట్టుకుని సందంతా నడవడం తన వల్ల కాదన్నది. కుంచె రెండో కొస నేను పట్టుకున్నాను. అవతలి కొస నుంచి నర్సమ్మ నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. "సొంత కుంచె ఒచ్చె. ఇగ ఈ కుంచె చేతికెట్ల ఆన్తది?"

ఇంకొక రోజు లక్ష్మణ్ బజారు నుంచి దానిమ్మపండు తెచ్చి పెళ్ళానికి మాత్రమే ఇచ్చాడు. నర్సమ్మ చూస్తుండగానే శాంత దాన్ని చెంగు కింద దాచింది. ఆ ఇంట్లో అప్పటిదాకా జొన్నరొట్టె తుంచితే మూడు ముక్కలయ్యేది. "అవ్వకు చూపియ్యకుంట తినుడు నేర్చిన్రంటె ఇగ మిగిలిందేంది?" అని నా దగ్గర గోల. మగ్గం దగ్గర మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకునేవాళ్ళు. నర్సమ్మ గడపలో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. పాపం, నేనైనా అనుమానపడేదాన్నే.

తర్వాత ఒక మధ్యాహ్నం శాంత యమునాబాయి ఇంటి నుంచి చెంగు కింద ఏదో సంచి పట్టుకుని వచ్చి, నిచ్చెన వేసుకుని అటక మీద పెట్టింది. నర్సమ్మ తలుపు సందులోంచి చూసింది. కానీ ముట్టుకోలేదు.

"తీసి చూడకపోయినవా?" అన్నాను నేను.

"సాక్షి లేకుంట ముడి విప్పితె, నువ్వే తెచ్చిపెట్టినవంటరు. నన్ను పిచ్చిదాన్ని జెయ్యరా?"

చూశారా, తన అనుమానమే తన చేతులు కట్టేసింది. అప్పుడు ఆ సంచి విప్పి చూసి ఉంటే ఇంత కథే లేదు.

ఆ వారమే ఇంకొకటి జరిగింది, అది మాత్రం ఆమెను నిజంగా కూలదోసింది. సందుగ పెట్టెలో పాత చీరలు ఎండబెట్టడానికి తీస్తుంటే అడుగున ఉండే సిద్ధరాములు రుమాలు కనబడింది, సగమే. మిగతా సగాన్ని ఎవరో కత్తెరతో సాఫుగా కోసుకుపోయారు.

తలకు చుట్టుకునే గుడ్డను తెలంగాణ నుంచి వచ్చిన మా పెద్దవాళ్ళు రుమాలు అంటారు. అది సిద్ధరాములు తన పెళ్ళికి తనే నేసుకున్నది. తెల్లని నేత, ఎర్రని అంచు. వేరు పడేటప్పుడు మల్లేశం పెద్దకొడుకు హక్కని దాన్ని అడిగాడు. "నెత్తి మీదిది అడుగుతున్నవు గని, ఇంటి బరువు నెత్తి మీద పెట్టుకోవైతివి" అని ఇవ్వలేదు నర్సమ్మ. మా వాళ్ళలో తండ్రి రుమాలు ఏ కొడుకు దగ్గరుంటే ఇంటి పెద్దరికం ఆ కొడుకుది. దాన్ని సగం కోసి పట్టుకుపోవడం అంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పాలా?

ఆ రోజు ఆమె మా ఇంటికి వచ్చి ఎవరినీ తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు భయం వేసింది. నోరున్న మనిషి నోరు మూసుకుంటే చూడలేం.

"ఆయన పోయిన్నాడు నేను సగమైన" అన్నది చివరికి. "ఇప్పుడు రుమాలు గూడ సగం జేసిన్రు. వాళ్ళు అడిగి నన్ను ఇంకా చిన్నది చేసేదాక ఆగుడెందుకు? నేనే పంచి ఇచ్చేస్త. పెద్దమనుషులను పిలుస్త."

నేను వద్దన్నాను. లక్ష్మణ్‌ను ఒక మాట అడగమన్నాను. "అడిగితె ఏమంటడు? అగ్గువకొచ్చిందంటడు" అని లేచి వెళ్ళిపోయింది.

మగ్గాలకు సెలవు రోజున పురుషోత్తం సేటు వచ్చాడు. సోలాపూర్‌లోనే పుట్టినవాడు, మా వాళ్ళలో ఎవరికి ఏ పంచాయితీ వచ్చినా ఆయననే పిలుస్తారు. ఆయన వెంట మల్లేశం వచ్చాడు. నర్సమ్మ ముందు గదిలో చాప పరిచింది. గడపలో మేం ఆడవాళ్ళం నిలబడ్డాం. గుంపు కనబడిందని కన్నడం మాట్లాడే కూరల గంగమ్మ కూడా గంప దించి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. శాంత మగ్గం పక్కన, గోడకు అతుక్కుని నిలబడింది. ఎందుకు పిలిచారో ఆమెకూ లక్ష్మణ్‌కూ అప్పటిదాకా తెలియదు.

"చెప్పు వదినె" అన్నాడు పురుషోత్తం సేటు.

"మా ఇంటాయన రుమాలు కోసిన్రు సేటూ."

"రుమాలా?" ఆయనకు నవ్వొచ్చింది. "చెయ్యి తుడ్సుకునే గుడ్డకు ఇంత పంచాయితీ ఏంది వదినె? ఇంకోటి కొందాం."

"చేతిది గాదు, నెత్తిది! సోలాపూర్ల పుట్టి మీరంత నెత్తి మీదిదాన్ని జేబుల కుక్కుకున్నరు. మా దిక్కు రుమాలంటె మొగోని మర్యాద."

సేటు నవ్వు మానేసి, తెలియకుండానే తన తెల్లటోపీ సరిచేసుకున్నాడు. నర్సమ్మ సగం రుమాలు తెచ్చి చాప మీద పరిచింది. దాన్ని చూసి మల్లేశం ముఖం మాడిపోయింది. లక్ష్మణ్ ముఖంలో మాత్రం ఏమీ అర్థం కాని చూపు.

"ఇది వాళ్ళు తీసుకున్న మొదటి వాటా" అన్నది నర్సమ్మ. "రెండోది అటక మీదుంది. కుంచె. నా కండ్లు గప్పి కుంచె చేయించుకున్నరు. వేరు పడ్తరట. పడనియ్యుండ్రి. నేనే పంచుత. నాకెవ్వలు ఒద్దు."

ఎవరూ అక్కర్లేదన్న మనిషి కళ్ళు లక్ష్మణ్ మీదే ఉన్నాయి.

"అవ్వా, నేను కుంచె కొనలే" అన్నాడు లక్ష్మణ్. "నీ మీద ఒట్టు. సేటు షెడ్డుల గంజిబెట్టిన పడుగే తయారుగ దొరుకుతుంది, ఇంకొన్నాళ్ళైతె ఉన్న కుంచెనే మూలకు పడ్తది. నాకు కొత్తదెందుకు?"

"నేను గూడ గట్లనే అన్న తమ్మీ, పోయేముందు" అన్నాడు మల్లేశం. వాడికి సిగ్గు లేదనుకోండి, కానీ నిజం చెప్పాడు.

"మల్లిగా, నిచ్చెన ఎయ్యి" అన్నది నర్సమ్మ. "అటక మీది సంచి దింపు. అందరి ముంగట కుమ్మరించు."

అప్పుడు శాంత కదిలింది. "వద్దు బావా" అన్నది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "దండం బెడ్త. అది దింపకుండ్రి. ఎవ్వలు చూడకుండ్రి."

లక్ష్మణ్ తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. "అండ్ల ఏముంది శాంతా?"

ఆమె అటక వైపే చూసింది. అంతవరకు తల్లి ముఖంలో మాత్రమే ఉన్న అనుమానం కొడుకు ముఖంలోకి కూడా రావడం నేను చూశాను. ఆ క్షణంలో ఆ పిల్లకు ఆ గదిలో తనవాళ్ళంటూ ఒక్కరూ లేరు. అయినా నేను నోరు విప్పలేదు, నాకూ ఆ సంచిలో ఏముందో చూడాలనే ఉంది. అబద్ధమెందుకు?

మల్లేశం సంచి దింపాడు. ముడి విప్పి చాప మీద బోర్లించాడు.

కుంచె పడలేదు. దోసిలిలో పట్టేంత చిన్న టోపీ పడింది. తల మీద గుండ్రంగా ఉండి, వెనక మెడనూ వీపునూ కప్పేలా జారిన గుడ్డ, గదవ కింద ముడి వేయడానికి రెండు నాడాలు. తెల్లని నేత. ముఖం చుట్టూ ఎర్రని అంచు.

నర్సమ్మ సంచిని లాక్కుని తిరగేసి దులిపింది. "కుంచె ఏదీ? కుంచె ఏదే?" గడపలోకి చూసింది. యమునాబాయి అప్పుడే వచ్చి మా మధ్య నిలబడింది. "నువ్వే గద అంటివి, కుంచె అయిందని!"

యమునాబాయి నెత్తి కొట్టుకుంది. "కుంచా నాయ్ హో, కుంచీ! కుంచా మాఝా నవరా బాంధతో. కుంచీ మీ శివతే!"

కుంచా తన మొగుడు కట్టేది. కుంచీ తను కుట్టేది. మొదటిది పడుగు దువ్వేది, రెండోది పసిపిల్లల తలకు పెట్టేది. అత్తకు తెలిసే కోడలు కుట్టిస్తోందనుకుందట యమునాబాయి. మరాఠీ బడిలో చదివిన నేను ఆ మాటను యమునాబాయి నోట విని ఉంటే నాకు వెంటనే తెలిసేది. నర్సమ్మ నోట్లో పడేసరికి అది కుంచె అయి కూర్చుంది.

గదిలో వాళ్ళకు ఊపిరి వచ్చినట్టైంది. పంచాయితీ తప్పిందనే సంతోషంలో మగవాళ్ళు శాంతను వదిలి మాటను పట్టుకున్నారు.

"ఒక్క అక్షరానికి ఇంత లొల్లా!" అన్నాడు పురుషోత్తం సేటు. "అయితే మాట మనదే. కుంచెకు కుచ్చు ఉంటది, టోపీకి కుచ్చు ఉంటది. కుచ్చు నుంచే రెండూ ఒచ్చినయి. మరాఠీవాళ్ళు మన దగ్గర్నుంచి తీసుకున్నరు."

"ఆమ్‌చాచ్ శబ్ద ఆహే!" అన్నది యమునాబాయి. అది తమదేనట, తన అమ్మమ్మకు ముందు నుంచీ వాళ్ళింట్లో కుంచీ అనే మాట ఉందన్నది.

"కుంచిగి నమ్దు" అన్నది వెనక నుంచి గంగమ్మ. వాళ్ళ వైపు దాన్ని కుంచిగి అంటారట, అసలు అది లేకుండా బిడ్డను గడప దాటించరట, మాట కన్నడం నుంచే వీళ్ళందరికీ వచ్చిందట.

"సిరిసిల్ల దిక్కు కుల్లాయి అంటరు" అని మల్లేశం కల్పించుకున్నాడు. "కుల్లాయి మనది గాదు, ఫార్సీ వాళ్ళ కులా" అని సేటు కొట్టిపారేశాడు. సోలాపూర్ ఎవరిదో తేల్చుకోలేనివాళ్ళు పసిబిడ్డ టోపీ ఎవరిదో తేల్చడానికి కూర్చున్నారు. ఆ బిడ్డ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నర్సమ్మ మాత్రం వాళ్ళ మాట వినడం లేదు. ఆమె టోపీని చేతిలోకి తీసుకుని ఎర్రంచు మీద బొటనవేలు ఆనించింది. ఎవరి నేతో చెప్పనక్కర్లేదు. చాప మీది సగం రుమాలును చూసింది. తర్వాత తలెత్తి శాంతను చూసింది. చెంగు చాటున శాంత చెయ్యి కడుపు మీద ఉంది. నడుమునొప్పి, దానిమ్మపండు, గుసగుసలు, కుంచె పట్టకపోవడం - అన్నీ ఆమె ముఖంలో ఒకదాని వెంట ఒకటి వచ్చి పోయాయి. ఆమె నోరు తెరిచింది. ఇక అయిపోయింది, సందంతా వినిపించేలా అరుస్తుంది అనుకున్నాను.

"పుట్టిందాక ఎవ్వల కండ్ల పడొద్దన్నది యమునాబాయి" అన్నది శాంత. మెల్లగా, నేల వైపు చూస్తూ. "ఇంటి పెద్దమనిషి నెత్తి గుడ్డతోని కుట్టి దాచిపెడితె, నిలుస్తదన్నది. ఈయనకు గూడ కుంచీ ముచ్చట చెప్పలే. నీకు చెప్దామనుకున్న అత్తమ్మా. చెప్తె నువ్వు బెల్లం పంచుతవు."

సేటు ఏదో చూడరానిది చూసినట్టు టోపీ మీది నుంచి చూపు తప్పించాడు. అందరం చూశాం. సందు సందంతా చూసింది. ఎవరి కళ్ళు పడకూడదో ఆ కళ్ళన్నీ మావే. శాంత చెంగు ఇంకా గట్టిగా చుట్టుకుంది. లక్ష్మణ్ ఆమె దగ్గరకు వెళ్ళబోయి, తల్లిని చూసి ఆగాడు.

నర్సమ్మ తెరిచిన నోరు మూసింది. గొంతు సవరించుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఏం నిలుస్తది? ఏం మాట్లాడుతున్నవే?" అన్నది గట్టిగా. "ఇది కుంచె."

మాకు అర్థం కాలేదు.

"నేను మొదట్నుంచి అంటలేనా? కుంచెనే. దొరికింది. నా కొడుకు, నా కోడలు నాకు చెప్పకుంట రెండో కుంచె తెచ్చుకున్నరు. నా అనుమానం ఎన్నడన్న తప్పిందా?" టోపీని గుప్పిట్లో ముడిచి పట్టుకుని సేటు ముందుకు వెళ్ళింది. "అందరు చూసిన్రు గద. ఏం జూసిన్రు? సేటూ, నువ్వు చెప్పు. ఇదేంది?"

పురుషోత్తం సేటు ఆమె ముఖం చూశాడు. ఆయనకు కొంచెం సమయం పట్టింది.

"కుంచె" అన్నాడు.

"ఏం కుంచె?"

"పడుగు కుంచె, వదినె. గట్టిగున్నది."

"మల్లిగా?"

"కుంచెనే అవ్వా" అన్నాడు మల్లేశం. వాడి కళ్ళు నిండాయి. ఎంత లేదన్నా ఆమె కడుపున పుట్టినవాడు.

గడపలోకి వచ్చింది. గంగమ్మను అడిగింది. "కుంచ, కుంచ" అన్నది గంగమ్మ చేతులు జోడించి. నన్ను అడిగింది, నేనూ కుంచె అన్నాను. నా జన్మలో అంత నిజమైన అబద్ధం ఇంకొకటి ఆడలేదు. యమునాబాయి చెంగుతో ముక్కు తుడుచుకుంది. "కుంచాచ్ ఆహే బాఈ. మాఝ్యా నవర్యానేచ్ బాంధలా" అన్నది. నా మొగుడే కట్టాడని.

అందరి నోటా అనిపించాక గానీ నర్సమ్మ ఊపిరి తీసుకోలేదు.

సేటు లేచి నిలబడ్డాడు. పెద్దమనిషి కదా, ఉన్న చిక్కు విప్పకుండా వెళ్ళలేడు. "మరి రెండో కుంచె ఉన్నదంటివి. మన దాంట్ల రెండో కుంచె అంటె..."

"అంటె ఏంది? నా ఇంట్ల రెండు కుంచెలుంటయి. మూడుంటయి. పొయ్యి మాత్రం ఒక్కటే ఉంటది. మీకేమన్న నొప్పా? ఇగ పోండ్రి, మగ్గం కాడ పనున్నది."

సెలవు రోజున మగ్గం దగ్గర ఏం పనో ఎవరూ అడగలేదు. జనం సర్దుకుంటుంటే నేను వెనక ఉండిపోయాను. నర్సమ్మ టోపీని మడిచి సంచిలో పెట్టింది. తర్వాత చాప మీది సగం రుమాలు తీసి, దాన్నీ అదే సంచిలో కుక్కింది. మల్లేశానికి కూడా ఇవ్వని రుమాలు అది.

"పొత్తిగుడ్డకు పనికొస్..." అని సగంలో నాలుక కరుచుకుంది. "కుంచె తుడువ గుడ్డ గావాలె గద" అని సరిదిద్దుకుని, సంచి మూతి బిగించి లక్ష్మణ్ చేతికిచ్చింది. "అటక మీద గోడ దిక్కు జరుపు. ఇటు కనబడొద్దు." శాంత అప్పుడు ఏడ్చింది. నర్సమ్మ ఆమెను దగ్గరికి తీసుకోలేదు, ఎవరైనా చూస్తారని. "ఏడ్సుడెందుకే? నడుము పట్టిందన్నవు గద, పోయి పండు" అన్నది, అంతే.

ఆ తర్వాత నెలల్లో నర్సమ్మ నోటిని చూసి మేమే ఆశ్చర్యపోయాం. శాంత పొట్ట సందులో అందరికీ కనబడుతూనే ఉంది. ఎవరైనా ఆగి అడగబోతే, "ఏం చెప్పాలె, కూసుండి రొట్టెలు మెక్కుతది, ఒళ్ళొచ్చింది" అని కోడలిని తిట్టిపోసేది. శాంత లోపల నవ్వుకోవడం నేను విన్నాను. పడుగు దువ్వేటప్పుడు రెండో కొస రోజూ నాదే. నా నడుము పోయింది, దాని సంగతి ఎవరూ అడగలేదు.

ఆడపిల్ల పుట్టింది. నిలిచింది.

బిడ్డను ఉయ్యాల తొట్టెలలో వేసే రోజున సందంతా ఆ ఇంట్లోనే ఉంది. మల్లేశం పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. శాంత అటక మీది సంచి తనే తీయించి, తెల్లని నేత, ఎర్రంచు బిడ్డ తలకు పెట్టి గదవ కింద ముడి వేసింది. తాత రుమాలు మనవరాలికి సరిగ్గా సరిపోయింది. యమునాబాయి వంగి చూసి, తన కుట్టు తనకే ముద్దొచ్చి, నర్సమ్మ భుజం పొడిచింది.

"నర్సాబాయీ, ఆతా తరీ కుంచీ మ్హణా!"

ఇప్పటికైనా కుంచీ అనమని. నర్సమ్మ తలుపు వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. మా ముఖాలు ఒక్కొక్కటీ పట్టి పట్టి చూసింది, నా ముఖం కూడా, నేనేదో పరాయిదాన్నైనట్టు. తర్వాత ఎర్రంచును బిడ్డ కనుబొమల దాకా కిందికి లాగింది.

"కుంచీ ఎక్కడిదే? ఇది కుంచె" అన్నది.

అన్నాకనే బెల్లం పళ్ళెం మీది గుడ్డ తీసింది.